పశువుల సాలలో ఆముదం కాగితాలు

కొన్నేళ్ళ క్రితం మధురవాడలో మా ఇంటి ఎదురు సైటులో ఒక అపార్టుమెంటు కట్టారు. సెంట్రింగ్ పని చేసిన కుర్రాళ్ళలో ఎక్కువ మంది బీహార్ నుంచి వచ్చినవాళ్ళు. వాళ్ళలో ఒకడికి పంతొమ్మిదేళ్ళు ఉంటాయేమో. సాయంత్రం పని అయ్యాక నీళ్ళు పట్టుకోవడానికి మా గేటు దగ్గరికి వచ్చేవాడు. నన్ను మేడమ్‌జీ అని పిలిచేవాడు.

దీపావళి వెళ్ళాక వాడికి జ్వరం పట్టుకుంది. ముందు ఆర్‌ఎంపీ డాక్టరు ఇంజెక్షన్లు చేశాడు. తగ్గినట్టే తగ్గి మళ్ళీ వచ్చింది. తర్వాత ఒక చిన్న నర్సింగ్ హోమ్‌లో టైఫాయిడ్ అన్నారు, సెలైన్లు పెట్టారు. ఇంకోచోట మలేరియా పరీక్ష చేసి లేదన్నారు, అయినా మలేరియా మాత్రలే రాసిచ్చారు. ఐదు వారాలు గడిచాయి. మనిషి సగమైపోయాడు. చొక్కా కింద కడుపు మాత్రం ఎడమవైపు ఎత్తుగా కనిపించేది. చివరికి మేస్త్రీ వాడిని రైలెక్కించి ఊరికి పంపేశాడు. సారణ్ జిల్లాలో వాళ్ళ ఊరి దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రిలో వేలి నుంచి చుక్క రక్తం తీసి, ఒక పట్టీ మీద వేసి, కాసేపట్లోనే చెప్పేశారట, కాలా అజార్ అని. ఒక్క రోజు సెలైన్‌లో మందు ఎక్కించారు. బతికాడు.

ఇక్కడ వాడిని చూసినవాళ్ళలో ఒక్కరు కూడా "మీది ఏ ఊరు బాబూ" అని అడగలేదు. వాళ్ళను తప్పుపట్టే హక్కు నాకూ లేదు. ఇరవై ఏళ్ళకు పైగా డిగ్రీ కాలేజీలో జువాలజీ చెప్తున్నాను. కాలా అజార్ తెచ్చే పరాన్నజీవి లీష్మానియా బొమ్మను బోర్డు మీద ఎన్నిసార్లు వేశానో లెక్కలేదు. ఎడమవైపు ఉబ్బిన ఆ కడుపును మా గేటు దగ్గరే రోజూ చూశాను. మా అమ్మమ్మ వాళ్ళ కాలంలో దాన్ని చూస్తే "బల్ల పెరిగింది" అనేవారు, అంటే ప్లీహం వాచిందని. ఆమెకు తెలిసేది. నాకు తట్టలేదు. ఆ బాధతోనే ఇది రాస్తున్నాను.

ఎందుకు తట్టలేదా అని చాలా ఆలోచించాను. మా పాఠంలో ఈ జబ్బును మోసే పురుగుకు దక్కే చోటు ఒక్క వరుస. జతపరచండి: అనాఫిలిస్ దోమకు మలేరియా, క్యూలెక్స్ దోమకు బోదకాలు, ఇసుక ఈగకు కాలా అజార్. పిల్లలు గీత గీస్తారు, ఒక మార్కు పడుతుంది, అంతే. జబ్బు బీహార్‌ది, పురుగు పుస్తకంలోది. మన ఊళ్ళో మన గోడ పగుల్లో అది ఉండవచ్చన్న ఊహ మాకెవరికీ లేదు.

ఇసుక ఈగ అనగానే విశాఖ పిల్లలకు బీచ్ గుర్తొస్తుంది. ఆర్కే బీచ్‌లో, రుషికొండలో తడి ఇసుక మీద ఎగిరిపడే చిన్న పురుగులు అవే అనుకుంటారు. అవి రొయ్యలకు చుట్టాలు. ఈ ఈగకు సముద్రంతో పని లేదు. ఇసుక రంగులో ఉంటుంది, అంతే. రెండు మూడు మిల్లీమీటర్ల పురుగు, దోమలో మూడో వంతు. ఒంటినిండా నూగు. కూర్చున్నప్పుడు కూడా రెక్కలు పైకెత్తి విప్పుకునే ఉంటుంది. చెవి దగ్గర గుయ్‌మనదు. ఎక్కువ దూరం ఎగరలేదు, గోడ మీద గెంతుతూ గెంతుతూ పోతుంది. మామూలు దోమతెర కన్నాల్లోంచి దూరిపోతుంది. ప్రపంచంలో సుమారు వెయ్యి జాతులున్నాయి, వాటిలో కొన్నే జబ్బులు మోస్తాయి. మన దేశంలో కాలా అజార్‌ను మోసేది ఫ్లెబోటోమస్ అర్జెంటిపెస్. రాజస్థాన్‌లో బికనేర్ వైపు చర్మం మీద పుండ్లు తెచ్చే రకాన్ని మోసేవి దాని చుట్టాలైన వేరే ఇసుక ఈగలు.

దోమ విషయంలో మనకు ఒక సౌకర్యం ఉంది. అది నీళ్ళలో పుడుతుంది, నీళ్ళు పారబోస్తే పోతుంది. శుక్రవారం డ్రై డే అని వార్డు సిబ్బంది ఇంటింటికీ వచ్చి డ్రమ్ములు తిప్పి చూస్తారు. ఈ ఈగ పిల్లలు పుట్టేది మట్టిలో. పేడ కలిసిన చెమ్మ నేల, కుళ్ళిన ఆకు, ఎలుక కన్నం, మట్టిగోడ పగులు, ఇవీ వాటి ఇళ్ళు. వాటిని పారబోయలేం. వెతికినా దొరకవు. కిలోల కొద్దీ మట్టి జల్లెడ పడితే గుప్పెడు లార్వాలు కూడా రావు. అందుకే అవి పుట్టే చోటు మీద ఇన్నేళ్ళ పరిశోధన జరిగినా ఇంకా చాలా ఖాళీలున్నాయి.

పద్మనాభం దగ్గర మా అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో పశువుల సాల ఉండేది. మట్టిగోడ, తాటాకు కప్పు, మూల ఎప్పుడూ ఆరని గోమూత్రం తడి. చీకటి పడే వేళ అమ్మమ్మ వేపాకు పొగ వేసేది. ఈ ఈగ బతుకు గురించి చదివిన ప్రతిసారీ ఆ సాలే కళ్ళకు కడుతుంది. అర్జెంటిపెస్‌కు పశువుల రక్తమంటే ఇష్టం, దగ్గర్లో మనిషి ఉంటే మనిషినీ వదలదు. పశువులు ఇంటి పక్కన ఉంటే మనకు రక్షణా, ముప్పా అన్నది శాస్త్రవేత్తల్లో తేలని వాదన. పశువు దొరికితే మనిషి జోలికి రాదని ఒకరంటారు. పేడ, చెమ్మ ఉండబట్టే ఈగలు పెరుగుతాయని ఇంకొకరంటారు. రెండు వైపులా ఆధారాలున్నాయి. నా మటుకు నాకు, ఊరిని బట్టి జవాబు మారుతుందని అనిపిస్తుంది. కాబట్టి ఏ ఊరికా ఊళ్ళో చూడాల్సిందే.

అది కుట్టే పద్ధతి కూడా దోమది కాదు. దోమ సూదిలా గుచ్చి నరంలోంచి పీలుస్తుంది. ఇది రంపంలాంటి నోటితో చర్మాన్ని కోసి, గాయంలో ఊరిన రక్తాన్ని తాగుతుంది. దాని లాలాజలం రక్తనాళాలను వెడల్పు చేస్తుంది, ఆ చోట ఒంటి రక్షణను మందగింపజేస్తుంది. ఈగ కడుపులో పెరిగిన పరాన్నజీవులు జిగురులాంటి పదార్థాన్ని తయారుచేసి దాని గొంతుకు అడ్డం పెడతాయి. మింగుడుపడక ఈగ ఆ జిగురును పరాన్నజీవులతో సహా గాయంలోకి కక్కుతుంది. రక్తం సరిగ్గా దొరక్క మళ్ళీ మళ్ళీ కుడుతుంది. ఒంట్లోకి చేరాక అవి మన రక్షణ కణాల్లోనే కాపురం పెట్టి ప్లీహం, కాలేయం, ఎముక మజ్జ అన్నిటినీ ఆక్రమిస్తాయి. వైద్యం అందకపోతే నూటికి తొంభై అయిదు మందికి పైగా చనిపోతారు.

ఈ పరాన్నజీవి కథలో మన మద్రాసు పేరూ ఉంది. కలకత్తా దగ్గరి డమ్‌డమ్ నుంచి జ్వరంతో వెళ్ళి ఇంగ్లండులో చనిపోయిన సైనికుడి ప్లీహంలో లీష్మన్ అనే సైనిక వైద్యుడు దీన్ని చూశాడు. మద్రాసు జనరల్ ఆసుపత్రిలో డోనవన్ అనే డాక్టరు బతికున్న రోగిలోనే చూశాడు. ఇద్దరూ 1903లోనే ప్రకటించారు. ఇద్దరి పేర్లూ కలిపి లీష్మానియా డోనవని అని పెట్టినవాడు రోనాల్డ్ రాస్, 1897లో సికింద్రాబాదులో దోమ కడుపులో మలేరియా క్రిమిని పట్టుకున్న ఆయనే. కలకత్తాలో ఉపేంద్రనాథ్ బ్రహ్మచారి యూరియా స్టిబమైన్ అనే మందు తయారుచేసి లక్షల ప్రాణాలు నిలబెట్టారు. ఇవన్నీ ఎక్కడో ఒకచోట చదువుతాం. నేను చెప్పదలచింది ఎవరూ చెప్పని భాగం.

జబ్బు తెలిసింది, మందు దొరికింది, కానీ ఏ పురుగు మోస్తుందో ఏళ్ళ తరబడి తేలలేదు. నల్లిని అనుమానించారు. 1920ల్లో సింటన్ అనే మిలిటరీ డాక్టరు దేశమంతా పట్టిన ఇసుక ఈగల లెక్కలు ముందేసుకుని చూశాడు. అర్జెంటిపెస్ దొరికిన ప్రాంతాల పటం, కాలా అజార్ ఉన్న ప్రాంతాల పటం ఒకదాని మీద ఒకటి సరిపోయాయి. ఆ ఈగలను పట్టి, జాతులు విడదీసి, పేర్లు పెట్టే ఓపిక అంతకుముందు కొందరికి లేకపోతే ఆ పటమే ఉండేది కాదు. అప్పటికి ఆ పనికి ఏ ఉపయోగమూ కనిపించి ఉండదు. ఈ ఒక్క మాట కోసమే ఈ వ్యాసమంతా రాసినా నాకు సంతోషమే.

పటం చాలదు, రుజువు కావాలి. కలకత్తాలో రోగులను కుట్టించిన ఈగల కడుపులో పరాన్నజీవి పెరుగుతోందని తేలింది. అయితే వాటితో మళ్ళీ కుట్టిస్తే జబ్బు అంటుకునేది కాదు. పదిహేనేళ్ళకు పైగా ప్రయత్నించారు. ఈగలు చచ్చిపోయేవి, లేదా పరాన్నజీవి నోటిదాకా వచ్చేది కాదు. చిక్కు విప్పింది ఎండుద్రాక్ష. మొదటిసారి రక్తం తాగించాక మళ్ళీ రక్తం ఇవ్వకుండా ఎండుద్రాక్ష రసం పెడితే, పరాన్నజీవులు విపరీతంగా పెరిగి గొంతుదాకా నిండిపోయాయని స్మిత్, హల్దార్, అహ్మద్ 1940 ప్రాంతంలో గమనించారు. బయట బతికే ఈగ చెట్ల రసం, తీపి తాగుతుందన్న సంగతి ప్రయోగశాలలో అందరూ మరిచిపోయారన్నమాట. ఆ చిన్న సంగతి పట్టుకుని 1942లో స్వామినాథ్, షార్ట్, ఆండర్సన్ అస్సాంలో ఈగ కాటుతో మనుషులకు కాలా అజార్ వస్తుందని నిరూపించారు. ఇష్టపడి ముందుకొచ్చిన మనుషులను కుట్టించారు, జబ్బు రాగానే మందు ఇచ్చారు. ఈ భాగం చెప్పేటప్పుడు క్లాసులో నేను ఒక నిమిషం ఆగుతాను. ఇప్పటి నియమాల్లో అలాంటి ప్రయోగానికి ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు. ఆ మనుషుల పేర్లు ఏ పాఠ్యపుస్తకంలోనూ నాకు కనిపించలేదు.

స్వాతంత్ర్యం వచ్చాక మలేరియా కోసం ఇంటింటికీ డీడీటీ కొట్టారు. మన పల్లెల్లో మలేరియా మందు అనేవాళ్ళు. ఆ దెబ్బకు గోడల మీద వాలే ఇసుక ఈగలూ పోయాయి, 1960ల నాటికి కాలా అజార్ దాదాపు కనుమరుగైంది. ఎవరూ దాని కోసం ఏమీ చేయలేదు, దోమ కోసం చేసిన పనితో అది పోయింది. పోయింది కదా అని దాని మీద చూపూ పోయింది. చల్లడం ఆపాక 1970ల్లో బీహార్‌లో తిరగబెట్టింది. 1992 వచ్చేసరికి ఒక్క ఏడాదిలో 77,102 కేసులు, 1,419 మరణాలు. అవి లెక్కలోకి వచ్చినవి మాత్రమే. ఈలోగా ఈగ కూడా మారింది. ఏళ్ళ తరబడి అదే డీడీటీ తగిలి, దాన్ని తట్టుకోవడం నేర్చుకుంది. ఆ సంగతి పరీక్షల్లో గట్టిగా తేలి, పైరిథ్రాయిడ్ అనే వేరే రకం పురుగుమందులకు మారేసరికి 2015 వచ్చింది.

మందు కొట్టేది గోడకు ఆరడుగుల ఎత్తు వరకే. ఈగ కిందనే వాలుతుందన్న నమ్మకంతో పెట్టుకున్న కొలత అది. బీహార్ పల్లెల్లో పరిశోధకులు తాటిచెట్ల పైన వలలు కడితే అక్కడా అర్జెంటిపెస్ పడింది. తాటిచెట్టు మీద! మన ఉత్తరాంధ్రలో తాటిచెట్టు లేని ఊరుందా?

"మన దగ్గర కాలా అజార్ లేదు కదా మేడమ్" అని తోటి లెక్చరర్లే అంటారు. నిజమే, మన జిల్లా ఆ జబ్బు జిల్లాల జాబితాలో లేదు. బీహార్, జార్ఖండ్, ఉత్తరప్రదేశ్, పశ్చిమ బెంగాల్‌లలో కలిపి 54 జిల్లాలున్నాయి ఆ జాబితాలో. కానీ లేదు అనుకున్న చోట్ల ఏం జరిగిందో చూడండి. కేరళలో అగస్త్యమల అడవుల్లో కాణి గిరిజనుల్లో చర్మం మీద పుండ్లుగా ఇదే లీష్మానియా డోనవని బయటపడింది. హిమాచల్‌లో కొండల మధ్య బయటపడింది. పుస్తకం ప్రకారం డోనవని లోపలి అవయవాలకు రావాలి, చర్మానికి కాదు. పుస్తకం చూసి కూర్చున్నవాళ్ళకు అది దొరికేది కాదు. పుండు చూసి అనుమానించి, గీకి, మైక్రోస్కోపు కింద పెట్టిన డాక్టర్లకు దొరికింది.

ఇక మన సొంత గాయం ఒకటుంది. 2003 వేసవి చివర్లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో, ముఖ్యంగా వరంగల్, కరీంనగర్ వైపు, పిల్లలు జ్వరం వచ్చిన ఒకటి రెండు రోజుల్లోనే ఫిట్స్ వచ్చి, కోమాలోకి వెళ్ళి చనిపోయారు. 329 మంది పిల్లలకు సోకింది, 183 మంది పోయారు. మెదడువాపు అని పేపర్లు రాశాయి. పందులను తరిమారు, దోమల మందు కొట్టారు. తర్వాత తేలింది చండీపురా వైరస్ అని. 1965లో నాగపూర్ దగ్గర చండీపురా అనే ఊళ్ళో మొదట దొరికిన వైరస్ అది. మోసేది ఇసుక ఈగ అని బలమైన అనుమానం, ఇసుక ఈగల్లో ఆ వైరస్ ముందే దొరికింది కూడా. పరాన్నజీవి కాదు కాబట్టి మా పాఠంలోకి రాదు. ఆ పిల్లలకు ఆ తేడా ఏం పనికొచ్చింది? పొద్దున ఆడుకుని రాత్రికి లేకుండా పోయిన పిల్లలు. అప్పుడు మన దగ్గర ఏ జిల్లాలో ఏ నెలలో ఏ జాతి ఇసుక ఈగ ఎంత ఉంటుందో ఏళ్ళ తరబడి రాసిపెట్టిన లెక్క ఉండి ఉంటే, వెతుకులాట దోమల దగ్గర మొదలయ్యేది కాదని నా నమ్మకం. 2024 వానాకాలంలో గుజరాత్‌లో మళ్ళీ అదే వైరస్, మళ్ళీ పిల్లలే.

ఇంకో మాట మీద నాకు అభ్యంతరం ఉంది. నిర్మూలన. ఆ మాటకు అర్థం మూలమే లేకుండా చేయడం. కాలా అజార్ నిర్మూలనకు పెట్టుకున్న కొలత ఏమిటంటే, ఒక బ్లాకులో, అంటే మన మండలంలాంటి దాంట్లో, ఏడాదికి పదివేల మందికి ఒకటి కన్నా తక్కువ కేసులు. రెండు లక్షల జనాభా ఉన్న బ్లాకులో 19 మందికి వచ్చినా నిర్మూలన అయినట్టే. ముందు 2010కి అనుకున్నారు, తర్వాత గడువు మారుతూ వచ్చింది. 2023 చివరికి దేశంలోని బ్లాకులన్నీ ఆ కొలత కిందికి వచ్చాయి. అదే ఏడాది బంగ్లాదేశ్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు ఇచ్చింది, ప్రపంచంలో మొదటి దేశంగా. ఇది చాలా పెద్ద విజయం. దీని వెనక ఎండలో ఊరూరా తిరిగిన ఆశా కార్యకర్తలున్నారు, పంపు భుజాన వేసుకుని సాలలన్నీ తడిపిన కూలీలున్నారు. వాళ్ళ కష్టాన్ని నేను ఇంతైనా తక్కువ చేయను. కానీ మూలం పోలేదు. ఈగ అక్కడే ఉంది. జబ్బు నయమైన కొందరిలో నెలలకో ఏళ్ళకో చర్మం మీద తెల్లమచ్చలు, బొడిపెలు వస్తాయి. నొప్పి ఉండదు, అందుకని ఆసుపత్రికి వెళ్ళరు. ఆ మచ్చల్లో పరాన్నజీవి బతికే ఉంటుంది.

ఆ మచ్చలున్న మనిషి నుంచి ఈగకు నిజంగా అంటుతుందా అన్నది పాత ప్రశ్న. బంగ్లాదేశ్, బీహార్‌లలో ఈమధ్య పరిశోధకులు ప్రయోగశాలలో పుట్టిపెరిగిన శుభ్రమైన ఈగలను రోగుల చేతుల మీద కుట్టించి, తర్వాత ఒక్కొక్క ఈగనూ కోసి పరీక్షించారు. మచ్చలున్నవాళ్ళ నుంచి అంటుతోందని తేలింది. బీహార్‌లో ఇంకో సంగతి కూడా చూశారు. రక్తపరీక్షలో పాజిటివ్ వచ్చినా పైకి ఏ లక్షణమూ లేనివాళ్ళను కుట్టిన ఈగల్లో పరాన్నజీవి కనిపించలేదు. అంటే డబ్బు, మందు, మనుషులు ఎటు వెళ్ళాలో ఈగను అడిగి తెలుసుకున్నారు. ఈ ప్రయోగానికి ముందు ఎవరో ఏళ్ళ తరబడి ఈగలను పెంచాలి. ఈగ పిల్లలకు మగ్గబెట్టిన కుందేలు పెంటికలు కలిపిన మేత పెట్టాలి, చెమ్మ తగ్గకుండా, బూజు పట్టకుండా రోజూ చూడాలి. కేసులు లేవు కదా అని ఒక ఏడాది నిధులు ఆపితే ఆ ఈగల సంతతి అక్కడితో ఆఖరు.

మన ఏజెన్సీలో మలేరియా ఉంది, నగరంలో డెంగీ ఉంది, ఉన్న సిబ్బంది వాటికే చాలడం లేదు, ముందు వాటిని చూడండి అంటే నేను ఒప్పుకుంటాను. పాడేరు వైపు పిల్లల జ్వరాలు తెలిసినదాన్ని, కాదనలేను. నేను అడిగేది కొత్త శాఖ కాదు. దోమలు పట్టడానికి ఊళ్ళకు వెళ్ళే మనుషులే నాలుగు ఆముదం కాగితాలు కూడా సాలలో కట్టి రావచ్చు. జ్వరం రెండు వారాలు దాటి, బల్ల తగిలితే, మలేరియా లేదని తేలితే, ఏ ఊరి నుంచి వచ్చావని అడగడం చీటీలో ఒక గడిగా పెట్టవచ్చు. గాజువాకలో, పరవాడలో, మధురవాడలో పనిచేసే వలస కుర్రాళ్ళు వేలల్లో ఉన్నారు. వాళ్ళ ఊళ్ళలో పది నిమిషాల్లో దొరికే జబ్బు ఇక్కడ ఐదు వారాలైనా దొరక్కపోవడం అన్యాయం.

ఆముదం కాగితం అంటే చాలామందికి తెలియదు. ఇసుక ఈగలను పట్టడానికి ప్రపంచమంతా వాడే పద్ధతుల్లో అదొకటి. తెల్లకాగితానికి రెండు వైపులా ఆముదం రాసి సాయంత్రం గోడ పగులు దగ్గర, సాల మూలలో పెడితే రాత్రి గెంతుతూ వచ్చిన ఈగ అంటుకుపోతుంది. పొద్దున్నే సన్న కుంచెతో తీసి స్పిరిట్‌లో వేసుకోవాలి. పోయిన జూలైలో మా ఫైనలియర్ అమ్మాయిలు ఇద్దరిని తీసుకుని అమ్మమ్మ వాళ్ళ ఊరు వెళ్ళాను. సాల ఇప్పుడు మా మావయ్యది, రేకుల కప్పు వేశాడు, గోడలు మాత్రం పాతవే. "ఆముదం తలకి రాసుకోవాలి గానీ కాగితానికెందుకమ్మా" అని మావయ్య అడిగాడు. చెప్తే శ్రద్ధగా విన్నాడు, ఎలుక కన్నాలు ఎక్కడున్నాయో తనే చూపించాడు. మూడు సాలల్లో ఇరవై కాగితాలు పెట్టాం.

పొద్దున పద్నాలుగు ఈగలు దొరికాయి. రెక్కలు పైకెత్తుకుని, నూగుతో, పుస్తకంలో బొమ్మలాగే. నా చేతులు వణికాయి. ఇరవై ఏళ్ళు పాఠం చెప్పి, మొదటిసారి చూడటం.

అవి ఏ జాతివో మాత్రం చెప్పలేకపోయాం. దానికి ఈగ తలను మందులో నానబెట్టి పారదర్శకం చేసి, గొంతులోని పళ్ళ వరుస చూడాలి. ఆడదైతే పొట్ట చివర వీర్యాన్ని దాచుకునే సంచి ఆకారం చూడాలి. ముగ్గురు పాత ప్రొఫెసర్లను అడిగాను. దోమలైతే చెప్తాం గానీ ఇవి మా వల్ల కాదు అన్నారు. మా అమ్మాయిల్లో ఒకామె మాత్రం వదల్లేదు. పాత పరిశోధన పత్రాల్లో బొమ్మలు పక్కన పెట్టుకుని, కాలేజీ అయ్యాక ల్యాబులో కూర్చుని స్లైడ్లు చేయడం నేర్చుకుంటోంది. ఇప్పటికి ఐదు సరిగ్గా వచ్చాయి. ఆరోదాని తల చితికిపోయింది. మిగిలిన ఎనిమిదీ స్పిరిట్ సీసాలో ఉన్నాయి, సీసా మీద ఊరి పేరు, తేదీ ఆమే రాసి అంటించింది. వానలు పడగానే మళ్ళీ వెళ్దాం మేడమ్, ఈసారి తాటిచెట్టు మీద కూడా కడదాం అంటోంది. మావయ్యకు ఫోన్ చేశాను. చెట్టెక్కే మనిషిని మాట్లాడి ఉంచుతానన్నాడు.